రాజమండ్రి నుంచి డిబ్రూగఢ్: గీత మీద రెండున్నర గంటలు, టికెట్ మీద మర్నాడు

బావకి అస్సాం బదిలీ అయిందని తెలిసిన రోజు అమ్మ అడిగిన మొదటి మాట, "విమానంలో ఎంతసేపురా?" అని. ఫోన్ తీసి రెండు ఊళ్ల పేర్లూ కొట్టాను. దూరం 1,779 కిలోమీటర్లు, సమయం 2 గంటల 40 నిమిషాలు అని వచ్చింది. "రెండున్నర గంటలేనమ్మా, కాకినాడ బస్సెక్కి వెళ్లొచ్చినంత" అన్నాను. అమ్మ కుదుటపడింది. పచ్చళ్లు ఎన్ని సీసాలు పట్టుకెళ్లొచ్చో లెక్క మొదలుపెట్టింది.

సంక్రాంతి వెళ్లాక ఇద్దరం బయలుదేరాం. ఉదయం ఆరింటికి ఇల్లు కదిలాం. మధురపూడిలో, అంటే మా రాజమండ్రి విమానాశ్రయంలో, చిన్న విమానం ఎక్కి హైదరాబాద్, అక్కడ మూడున్నర గంటలు కూర్చుని కోల్‌కతా. ఆ పూటకి డిబ్రూగఢ్ విమానం వెళ్లిపోయింది. రాత్రి లాడ్జిలో పడుకుని, పొద్దున్నే మళ్లీ ఎయిర్‌పోర్టుకి వచ్చి, డిబ్రూగఢ్‌లో దిగేసరికి పదిన్నర. మొత్తం ఇరవై ఎనిమిదిన్నర గంటలు. దారిలో అమ్మ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అక్క ఇంటికి చేరాక మాత్రం, "రెండున్నర గంటలని చెప్పావు కదరా నాన్నా" అంది.

ఆ మాట నన్ను చాలా రోజులు వెంటాడింది. ఫోన్ చెప్పింది తప్పు కాదు. నేను చదవడమే సరిగ్గా చదవలేదు. "రెండు విమానాశ్రయాల మధ్య దూరం ఎంత, ఎంతసేపు" అన్న ప్రశ్నకి ఒకే జవాబు ఉంటుందనుకున్నాను. నిజానికి అందులో మూడు ప్రశ్నలున్నాయి: భూమి మీద ఈ రెండు చోట్లకీ ఎంత దూరం, ఆ దూరాన్ని విమానం ఎంతసేపట్లో దాటుతుంది, మనం ఎంతసేపట్లో చేరతాం. మొదటిది లెక్క. రెండోదానికి గాలి కావాలి. మూడోది విమానయాన సంస్థల వ్యాపారం మీద ఆధారపడుతుంది.

రాజమండ్రిలో ఈ ప్రశ్న చాలా ఇళ్లలో వస్తుంది. కేజీ బేసిన్ (కృష్ణా, గోదావరి ప్రాంతపు చమురు, గ్యాస్ నిల్వలు) పనులకి ఇక్కడ ప్రభుత్వ చమురు సంస్థ ఓఎన్‌జీసీ కేంద్రం ఉంది. ఎగువ అస్సాంలో శివసాగర్ దగ్గరి నజీరాలో అదే సంస్థకి ఇంకో పెద్ద కేంద్రం ఉంది. ఇక్కడివాళ్లు అక్కడికీ, అక్కడివాళ్లు ఇక్కడికీ బదిలీ మీద వెళ్లడం మామూలే. అరుణాచల్ సరిహద్దులో డ్యూటీ చేసే మన జవాన్లలో చాలామంది సెలవుకి వచ్చేటప్పుడు ఎక్కేది కూడా డిబ్రూగఢ్ మోహన్‌బారి విమానాశ్రయంలోనే. నజీరాకి జోర్హాట్ ఇంకా దగ్గర. కానీ అక్కడికి వచ్చే విమానాలు తక్కువ.

దారం వేసి చూస్తే

మా అబ్బాయి గ్లోబు మీద అమ్మ కుట్టు దారం పెట్టి చూశాను. ఒక కొన రాజమండ్రి మీద, రెండో కొన డిబ్రూగఢ్ మీద పెట్టి బిగించి లాగాను. గుండ్రటి వస్తువు మీద రెండు చుక్కల మధ్య బిగుతుగా లాగిన దారం ఏ దారిన పడుతుందో అదే అతి దగ్గరి దారి. దీన్ని మహావృత్తం అంటారు. ఆ దారాన్ని అలాగే ముందుకి పొడిగిస్తూ పోతే భూమిని సరిగ్గా రెండు సగాలుగా కోస్తూ తిరిగి మొదటికే వస్తుంది.

దారం పడ్డాక ఒక విషయం చూసి ఆశ్చర్యపోయాను. కోల్‌కతా చుక్క దారం కింద పడి కనపడకుండా పోయింది. గ్లోబు మీద అయితే అది యాదృచ్ఛికం కావచ్చు, నాలుగు సెంటీమీటర్ల దారం ఎటు జరిగినా వంద కిలోమీటర్లు జరిగినట్టే. అందుకని అక్షాంశ రేఖాంశాలు తీసుకుని లెక్క కట్టాను. మధురపూడి 17.11 ఉత్తరం, 81.82 తూర్పు. మోహన్‌బారి 27.48 ఉత్తరం, 95.02 తూర్పు. కోల్‌కతా విమానాశ్రయం 22.65 ఉత్తరం, 88.45 తూర్పు. రాజమండ్రి నుంచి కోల్‌కతా 927 కిలోమీటర్లు, కోల్‌కతా నుంచి డిబ్రూగఢ్ 852. కలిపితే 1,779. నేరుగా వెళ్లినా 1,779. అంటే కోల్‌కతా ఆ గీతకి దగ్గరలో ఎక్కడో లేదు, గీత మీదే ఉంది. ఈ ఒక్క సంగతి ముందే తెలిసుంటే మా మొదటి ప్రయాణం వేరేగా ఉండేది. దాని గురించి తర్వాత చెబుతాను.

1,779 ఎలా వచ్చిందో చూడటం పెద్ద కష్టం కాదు. భూమి మధ్యలో నిలబడి ఒక చెయ్యి రాజమండ్రి వైపు, రెండో చెయ్యి డిబ్రూగఢ్ వైపు చాపామనుకోండి. రెండు చేతుల మధ్య కోణం 16 డిగ్రీలు. నావికులు మైలుని ఈ కోణం నుంచే తీశారు. ఒక డిగ్రీకి 60 నాటికల్ మైళ్లు. పదహారు అరవైలు 960. ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు. హెచ్చవేస్తే 1,778. డిగ్రీ వెనకున్న చిన్న భిన్నాలు కలుపుకుంటే 1,779. పైలట్లు ఇప్పటికీ ఈ మైళ్లలోనే మాట్లాడతారు. అందువల్ల ఒక చోట 960 మైళ్లు, ఇంకో చోట 1,105 మైళ్లు కనిపిస్తే గాభరా పడక్కర్లేదు. మొదటిది నాటికల్ మైలు, రెండోది రోడ్డు మీద వాడే మైలు.

వెబ్‌సైట్‌కీ వెబ్‌సైట్‌కీ పది ఇరవై కిలోమీటర్ల తేడా రావడానికి ఇంకో రెండు కారణాలున్నాయి. కొన్ని ఊరి నడిబొడ్డు నుంచి కొలుస్తాయి, కొన్ని విమానాశ్రయం నుంచి. మధురపూడి రాజమండ్రి ఊళ్లో లేదు, మోహన్‌బారి కూడా డిబ్రూగఢ్‌కి పదిహేను కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. ఇక భూమి కచ్చితమైన గోళం కాదు, ధ్రువాల దగ్గర కాస్త నొక్కినట్టుంటుంది. ఆ నొక్కుని లెక్కలోకి తీసుకునేవి కొన్ని, తీసుకోనివి కొన్ని. మరి విమానం పదకొండు కిలోమీటర్ల ఎత్తులో వెళ్తుంది కదా, ఆ ఎత్తులో వృత్తం పెద్దదవుతుంది కదా అని మా అబ్బాయి అడిగాడు. మంచి ప్రశ్న. అవుతుంది. కానీ మొత్తం దూరానికి పెరిగేది మూడు కిలోమీటర్లే.

ఆ గీత కింద ఏముందో కూడా చూడాలనిపించింది. రాజమండ్రిలో మొదలై ఈశాన్యంగా, విజయనగరానికీ బొబ్బిలికీ మధ్యగా వెళ్తుంది. కటక్ పక్కన, బాలాసోర్ పక్కన వెళ్లి కోల్‌కతా చేరుతుంది. ఇంచుమించు మన చెన్నై–కోల్‌కతా హైవే తోడుగా ఉన్నట్టే. ఆ తర్వాత బంగ్లాదేశ్ లోకి వెళ్తుంది. ఢాకాకి కాస్త ఉత్తరంగా, సిల్హెట్ వైపు పల్లపు భూముల మీదుగా వెళ్లి, చెరపుంజికి పది పదిహేను కిలోమీటర్ల దూరంలో మేఘాలయ కొండలెక్కుతుంది. కర్బి ఆంగ్లాంగ్ కొండలు దాటి బ్రహ్మపుత్ర లోయలో దిగుతుంది. సముద్రం ఎక్కడా తగలదు. పటం చూసినప్పుడు నేను బంగాళాఖాతం మూల దాటాలేమో అనుకునేవాణ్ణి.

విమానం ఎంత వేగంగా వెళ్తుంది

దూరాలు చెప్పే వెబ్‌సైట్లు చాలావరకు చేసేది ఒకటే: గంటకి ఎనిమిది వందల కిలోమీటర్ల చొప్పున దూరాన్ని భాగించి, ఎక్కడానికీ దిగడానికీ ఒక అరగంట కలుపుతాయి. ఎక్కువ దూరాలకి ఇది ఫర్వాలేదు. తక్కువ దూరాలకి బాగా దెబ్బతింటుంది, ఏ విమానమో తెలియకుండా లెక్క కట్టడం వల్ల.

నూట ఎనభై మంది పట్టే ఎయిర్‌బస్ ఎ320 పైకి చేరాక గంటకి సుమారు 830 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంది. మధురపూడి నుంచి హైదరాబాద్‌కి ఎక్కువగా తిరిగే ఏటీఆర్ 72 వేరు. రెక్కలకి ఫ్యాన్ లాంటి ప్రొపెల్లర్లు, డెబ్భై మందికి సీట్లు, వేగం గంటకి 500 కిలోమీటర్లు. చిన్న రన్‌వే చాలు, ఇంధనం తక్కువ తాగుతుంది. అందుకే చిన్న ఊళ్లకి అదే దిక్కు. కానీ అది డిబ్రూగఢ్ దాకా వెళ్లగలదా అంటే, నిండుగా జనం ఎక్కితే దాని పరిధి పద్నాలుగు, పదిహేను వందల కిలోమీటర్లలోపే. 1,779 దాని వల్ల కాదు. ఈ గీత మీద నేరుగా ఎగరాలంటే జెట్ విమానమే కావాలి. దీన్ని గుర్తుపెట్టుకోండి, నేరు విమానం ఎందుకు లేదో చెప్పేటప్పుడు మళ్లీ వస్తుంది.

జెట్ అయినా గేటు దగ్గర నుంచి గేటు దాకా 830 వేగంతో వెళ్లదు. రన్‌వే దాకా నెమ్మదిగా పాకుతూ వెళ్తుంది. ఎగిరాక ముప్పై అయిదు వేల అడుగులు చేరడానికి ఇరవై నిమిషాలకు పైనే పడుతుంది. దిగడం మరీ ముందే మొదలవుతుంది. ప్రతి వెయ్యి అడుగులు దిగడానికి మూడు నాటికల్ మైళ్లు కావాలని పైలట్లు మనసులో లెక్క వేసుకుంటారు. ముప్పై ఆరు వేల అడుగుల నుంచి దిగాలంటే 108 మైళ్లు, అంటే 200 కిలోమీటర్లు. ఇంజన్ మోత ఒక్కసారిగా తగ్గి, చెవులు దిబ్బళ్లు వేస్తాయే, అప్పటికి మోహన్‌బారి ఇంకా రెండు వందల కిలోమీటర్ల అవతల ఉంటుంది. రాజమండ్రికీ విశాఖకీ ఉన్నంత దూరం.

కాబట్టి లెక్క ఇది. 1,779ని 830తో భాగిస్తే 2 గంటల 9 నిమిషాలు. ఎక్కే దిగే సమయాల్లో వేగం తగ్గినందుకు పావుగంట, నేల మీద పాకినందుకు మరో పావుగంట. మొత్తం 2 గంటల 40 నిమిషాలు. ఫోన్ చెప్పింది సరిగ్గా ఇదే. గాలి లేని రోజున, నేరు విమానం ఉంటే.

టికెట్ మీద వేసే సమయం కూడా గాల్లో ఉన్న సమయం కాదు. గేటు దగ్గర చక్రాలు కదిలినప్పటి నుంచి అవతల గేటు దగ్గర చక్రాలు ఆగేదాకా. రాజమండ్రి–హైదరాబాద్ 360 కిలోమీటర్లే. ఏటీఆర్‌కి గాల్లో ముప్పావు గంట చాలు అనిపిస్తుంది. టికెట్ మీద మాత్రం గంట, గంటంపావు వేస్తారు. దూరం తగ్గేకొద్దీ ఈ అదనపు ముక్క వాటా పెరుగుతుంది.

గాలి సంగతి

అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది. భూమి పడమర నుంచి తూర్పుకి తిరుగుతోంది కదా, మరి తూర్పుకి వెళ్లే విమానానికి గమ్యం దూరంగా జరిగిపోవాలి కదా, ఎక్కువ సమయం పట్టాలి కదా అని. జరిగేది దీనికి పూర్తిగా వ్యతిరేకం. మన దేశంలో తూర్పుకి వెళ్లే విమానాలే సాధారణంగా త్వరగా చేరతాయి. భూమితో పాటు గాలి కూడా తిరుగుతుంది, గాలిలో ఉన్న విమానమూ తిరుగుతుంది. నడిచే రైల్లో మీరు ఇంజన్ వైపు నడిచినా గార్డు పెట్టె వైపు నడిచినా పెట్టె పొడవు మారదు. అదే ఇక్కడా.

తేడా తెచ్చేది గాలి ప్రవాహం. చలికాలంలో ఉత్తర భారతం మీద, పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో, పడమర నుంచి తూర్పుకి ఒక బలమైన గాలి నది పారుతుంది. దాన్ని జెట్ స్ట్రీమ్ అంటారు. ఒక్కోసారి గంటకి 180 కిలోమీటర్ల వేగం దాటుతుంది. వానాకాలం వచ్చేసరికి అది హిమాలయాలకి ఉత్తరంగా జరిగిపోతుంది.

మన గీతకి పెట్టి చూద్దాం. పడమటి గాలి గంటకి 100 కిలోమీటర్లు ఉందనుకుందాం. మన దారి నేరుగా తూర్పుకి కాదు, ఈశాన్యానికి. అందుకని గాలి బలంలో మనకి కలిసొచ్చేది దాదాపు 74 కిలోమీటర్లు. వెళ్లేటప్పుడు 830కి 74 కలిపితే 904, వచ్చేటప్పుడు తీసేస్తే 756. వెళ్లడానికి గంటా 58 నిమిషాలు, రావడానికి 2 గంటల 21 నిమిషాలు. అరగంట చొప్పున కలపండి. దూరం అదే, విమానం అదే, తేడా ఇరవై మూడు నిమిషాలు.

దీనికి కళ్లెదుట రుజువు ఉంది. ఢిల్లీ నుంచి డిబ్రూగఢ్ 1,761 కిలోమీటర్లు. మన రాజమండ్రి నుంచి ఉన్నంతే, పద్దెనిమిది కిలోమీటర్లు తక్కువ. అక్కడి నుంచి నేరు విమానాలున్నాయి. వెళ్లడానికి రెండు గంటల నలభై, యాభై నిమిషాలు వేస్తారు, తిరిగి రావడానికి మూడు గంటలు దాటించి వేస్తారు. ఆ దారి పూర్తిగా తూర్పు పడమర కాబట్టి గాలి దెబ్బ ఇంకా సూటిగా తగులుతుంది.

గాలి ఎంత దూరం మార్చగలదో చెప్పడానికి నాకు ఇష్టమైన ఉదాహరణ 2016 అక్టోబర్‌లో జరిగింది. ఎయిర్ ఇండియా ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ మీదుగా కాకుండా పసిఫిక్ మీదుగా నడిపింది. పాత దారి సుమారు 13,900 కిలోమీటర్లు, కొత్తది 15,300. పద్నాలుగు వందల కిలోమీటర్లు ఎక్కువ తిరిగినా, గాలి వెనక నుంచి తోయడంతో పద్నాలుగున్నర గంటల్లో చేరింది, పాత దారికంటే ముందే. దగ్గరి దారి, త్వరగా చేరే దారి ఒకటి కానక్కర్లేదు.

ఆకాశంలోనూ గట్లున్నాయి

పొలానికి గట్లున్నట్టే ఆకాశానికీ ఉన్నాయి. విమానం దారం వేసినట్టు వెళ్లదు. పేర్లు పెట్టిన కొన్ని బిందువులుంటాయి, ఒక బిందువు నుంచి ఇంకో బిందువుకి మలుపులు తిరుగుతూ వెళ్తుంది. రక్షణ శాఖ వాడుకునే ఆకాశం ఉంటుంది, అక్కడ పక్కకి తప్పుకోవాలి. గాలి ఎటు నుంచి వీస్తే అటు ముఖం పెట్టి దిగాలి, దాంతో ఒక్కోసారి ఊరు దాటి వెళ్లి వెనక్కి తిరగాలి. వీటన్నిటితో గీత మీది దూరానికి కొంత కలుస్తుంది.

మన గీతలో అయిదో వంతుకు దగ్గరగా బంగ్లాదేశ్ మీద ఉంది. కోల్‌కతా నుంచి అగర్తల, గువాహటి, డిబ్రూగఢ్ వెళ్లే విమానాలు రోజూ ఆ ఆకాశంలోంచే వెళ్తాయి, అందుకు రుసుము కడతాయి. ఆ దారి లేకపోతే ఏమవుతుందో రైలు చూస్తే తెలుస్తుంది. కన్యాకుమారి నుంచి డిబ్రూగఢ్ వెళ్లే వివేక్ ఎక్స్‌ప్రెస్ రాజమండ్రిలో ఆగుతుంది. మన దేశంలో అతి ఎక్కువ దూరం వెళ్లే రైలు అదే, నాలుగు వేల కిలోమీటర్లు దాటుతుంది. 2011లో మొదలైంది. రాజమండ్రిలో ఎక్కితే డిబ్రూగఢ్ చేరడానికి ఇంచుమించు రెండు రోజులు. బంగ్లాదేశ్‌ని చుట్టి, సిలిగురి దగ్గర ఇరవై రెండు కిలోమీటర్ల ఇరుకు దారిలోంచి దూరి, మళ్లీ తూర్పుకి తిరగాలి. రెండు వేల నాలుగు వందల కిలోమీటర్లకు పైమాటే. 1947లో గీసిన గీత ఇప్పటికీ ఆ రైలెక్కే ప్రతివాడి ప్రయాణంలో గంటల లెక్కన కలుస్తోంది.

పక్క దేశం ఆకాశం మూసేస్తే విమానం కూడా ఆ రైలులాగే చుట్టూ తిరగాలి. 2019 ఫిబ్రవరి నుంచి జూలై దాకా పాకిస్తాన్ గగనతలం మూసినప్పుడు ఢిల్లీ నుంచి పడమటికి వెళ్లే విమానాలకి ఇదే జరిగింది. 2025 ఏప్రిల్ చివర్లో మళ్లీ మూశారు.

ఆ పైన వాతావరణం. ఏప్రిల్, మే నెలల్లో బెంగాల్ మీద సాయంత్రం పూట కాలబైశాఖి గాలివానలు లేస్తాయి. ఆ మేఘాల్లోంచి ఎవరూ వెళ్లరు, చుట్టూ తిరుగుతారు. అందుకే విమానంలో గమ్యానికి సరిపడా ఇంధనం మాత్రమే పోయరు. డిబ్రూగఢ్‌లో దిగలేకపోతే జోర్హాట్‌కో గువాహటికో వెళ్లడానికి, ఆ పైన ఇంకో ముప్పై నిమిషాలు ఆకాశంలో ఉండటానికి సరిపడా ఉండి తీరాలి. మొదటి ప్రయాణంలో మోహన్‌బారి మీద పొగమంచుకి మా విమానం రెండు చుట్లు తిరిగింది. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఈ ఇంధనం లెక్క అప్పుడు తెలిసుంటే ఆమెకి ధైర్యం చెప్పగలిగేవాణ్ణి. నాకే టెన్షన్‌గా ఉండింది.

టికెట్ ఎటు తిప్పుతుంది

ఇక మూడో ప్రశ్న. రాజమండ్రి నుంచి డిబ్రూగఢ్‌కి నేరు విమానం లేదు. మేము వెళ్లిన దారి కొలిస్తే: హైదరాబాద్‌కి 360, అక్కడి నుంచి కోల్‌కతాకి 1,207, డిబ్రూగఢ్‌కి 852. మొత్తం 2,419 కిలోమీటర్లు. ఈశాన్యానికి వెళ్లాల్సినవాళ్లం మొదట పడమరకి 360 కిలోమీటర్లు వెనక్కి వెళ్లాం. 2024 డిసెంబర్‌లో మధురపూడి నుంచి ఢిల్లీకి జెట్ విమానం మొదలయ్యాక ఇంకో దారి తెరుచుకుంది: ఢిల్లీకి 1,362, అక్కడి నుంచి 1,761. మొత్తం 3,123. గీతకంటే ముప్పావు వంతు ఎక్కువ. అయినా రెండే విమానాలు, ఒకే చోట మార్పు. సమయాలు కుదిరితే, 2,419 కిలోమీటర్ల దారికంటే 3,123 కిలోమీటర్ల దారిలోనే ముందు చేరొచ్చు. టికెట్ కొనేటప్పుడు కిలోమీటర్లు కాదు, మధ్యలో ఆగే గంటలు చూడాలని నేను గట్టిగా చెబుతాను. గాల్లో గంట ఎక్కువైతే ఫర్వాలేదు. కుర్చీలో ఆరు గంటలు పెద్దవాళ్లకి నడుం విరిచేస్తాయి.

నేరు విమానం ఎందుకు వేయరు? మధురపూడి రన్‌వే మూడు కిలోమీటర్లు దాటింది కాబట్టి అది అడ్డం కాదు. ఏటీఆర్ అంత దూరం వెళ్లలేదని చెప్పాను కదా, అక్కడుంది చిక్కు. నిండని దారులకి చిన్న విమానం వేస్తారు, కానీ ఈ దూరానికి చిన్న విమానం పనికిరాదు. నూట ఎనభై సీట్ల జెట్ వేయాలంటే రోజూ అంతమంది కావాలి. రాజమండ్రి నుంచి డిబ్రూగఢ్‌కి అంతమంది లేరు. అదే మనుషుల్ని హైదరాబాద్‌లో దింపితే అక్కడ గువాహటివాళ్లు, కోల్‌కతావాళ్లు, అందరూ కలిసి విమానం నిండుతుంది. పల్లెల ఆటోలన్నీ ముందు మండల కేంద్రానికి ఎందుకు వెళ్తాయో ఇదీ అందుకే.

దీన్ని మార్చడానికి ప్రభుత్వం ప్రయత్నించకపోలేదు. ఈశాన్య రాష్ట్రాలు, జమ్మూకశ్మీర్, అండమాన్ లాంటి చోట్లకి విమానయాన సంస్థలు తమ సామర్థ్యంలో కొంత వాటా నడిపి తీరాలని 1994 నుంచి నిబంధన ఉంది. 2017 ఏప్రిల్ 27న చిన్న ఊళ్లకి తక్కువ ధరలో విమానాలు నడిపే ఉడాన్ పథకం కింద మొదటి విమానాలు ఎగిరాయి. సిమ్లా–ఢిల్లీతో పాటు ఆ రోజు మొదలైన వాటిలో మన కడప–హైదరాబాద్ కూడా ఉంది. గంట ప్రయాణానికి, అంటే అయిదు వందల కిలోమీటర్లకి, సగం సీట్ల ధర 2,500 రూపాయలు దాటకూడదని పెట్టారు. చిన్న ఊరిని దగ్గరి పెద్ద ఊరితో కలపడానికి అది బాగా పనికొచ్చింది. ఒక మూల చిన్న ఊరిని ఇంకో మూల చిన్న ఊరితో కలిపే పని మాత్రం ఇంకా అలాగే ఉంది. బదిలీ మీద వెళ్లిన ఉద్యోగి, సెలవు మీద వచ్చే జవాను, కూతుర్ని చూడబోయే తల్లి, వీళ్లందరి ప్రయాణం అలాంటి రెండు మూలల మధ్యే. పదిహేను రోజుల సెలవులో రానూపోనూ రెండు మూడు రోజులు దారిలోనే పోతున్న జవానుకి ఇది చిన్న విషయం కాదు. రోజూ వద్దు, వారానికి ఒక రోజు కోల్‌కతాకి ఒక్క జెట్ వేసినా ఆ గీత సగం తెరుచుకున్నట్టే.

రెండోసారి

ఆ దారం గుర్తుంది కదా, కోల్‌కతా దాని కిందే ఉంది. రాజమండ్రి నుంచి కోల్‌కతాకి విమానం లేదు, విశాఖపట్నం నుంచి ఏళ్లుగా ఉంది. విశాఖ నుంచి కోల్‌కతా సుమారు 770 కిలోమీటర్లు, గంటన్నర. రాజమండ్రి నుంచి విశాఖ రైల్లో రెండు వందల కిలోమీటర్లు, మూడు మూడున్నర గంటలు. అన్నీ కలిపితే 1,820 కిలోమీటర్ల దగ్గర తేలింది. నేరు గీతకి నలభై మాత్రమే ఎక్కువ. వెనక్కి ఒక్క అడుగు కూడా వేయక్కర్లేదు.

డిసెంబర్‌లో అమ్మ అలాగే వెళ్లింది, ఈసారి ఒక్కతే. ముందురోజు సాయంత్రం రైలెక్కి విశాఖలో పిన్ని ఇంట్లో పడుకుంది. పొద్దున కోల్‌కతా విమానం, అక్కడ రెండున్నర గంటలు ఆగి డిబ్రూగఢ్ విమానం. అక్క మోహన్‌బారికి కారు తెచ్చింది. ఇంటికి వెళ్లేముందు బ్రహ్మపుత్ర మీద బోగిబీల్ వంతెన చూపించింది. కింద రైలు, పైన రోడ్డు, అచ్చం మన కొవ్వూరు వంతెనలాగే. 2018లో తెరిచారు, దాదాపు అయిదు కిలోమీటర్ల పొడవు.

అక్కడి నుంచే నాకు ఫోన్ చేసింది. నేను ఇంటి మేడ మీద ఉన్నాను. ఎండ ఇంకా పిట్టగోడ మీదే ఉంది.

"చేరిపోయాన్రా. ఇక్కడ చీకటి పడిపోయింది. ఎన్నింటికి దిగానో కూడా తెలియడం లేదు, టైమ్ ఎంతయింది?"

అయిదు కొట్టడానికి అయిదు నిమిషాలుంది. అదే గడియారం, అదే దేశం. రాజమండ్రి మన ప్రామాణిక కాలానికి పెట్టుకున్న 82.5 డిగ్రీల రేఖకి పక్కనే ఉంది, ఇక్కడ గడియారానికీ సూర్యుడికీ సగటున మూడు నిమిషాల తేడా కూడా రాదు. డిబ్రూగఢ్ దానికి చాలా తూర్పున ఉంది. రెండు ఊళ్ల మధ్య రేఖాంశం తేడా 13.2 డిగ్రీలు. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున సూర్యుడు అక్కడ మనకంటే 53 నిమిషాలు ముందుంటాడు, చలికాలంలో ఉత్తరాన పగలు ఇంకా కురచ. అందుకే అక్కడి తేయాకు తోటల్లో గడియారాన్ని గంట ముందుకి పెట్టుకుని 'బాగాన్ టైమ్' అని వాడుకుంటారు.

"అయిదయిందమ్మా" అన్నాను.

"అయిదేనా! అయితే పొద్దున్నే లేచినా నష్టం లేదు, ఇంకా బోలెడు రాత్రి ఉంది. అక్కకి గుత్తొంకాయ చేసిపెడతాను" అని ఫోన్ పెట్టేసింది.